కోదాడ బస్టాండులో లేచి కూర్చున్న రాజు

తెర మీద ఎన్నిసార్లు చచ్చిపోయానో నాకే గుర్తు లేదు. పాము కరిచి పోయాను, గుండె ఆగి పోయాను, హీరోయిన్ పెళ్లికి అడ్డం పడి విలన్ చేతిలో పోయాను. టీవీ సీరియళ్లు వచ్చాకైతే మొదటి వారంలోనే పోయి, మిగతా కథంతా దండ వేసిన ఫోటోలో ఉండి చూసేవాణ్ణి. వేషాల కోసం తిరిగే పిల్లలు నన్ను చూడ్డానికి ఇప్పటికీ వస్తుంటారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మీరు చేసినవాటిల్లో మీకు బాగా నచ్చిన సీన్ ఏది?"

నోటికొచ్చిన సినిమా ఒకటి చెప్పి, టీ తాగించి పంపిస్తాను. అసలు సంగతి ఏమిటంటే ఆ సీన్ ఏ సినిమాలోనూ లేదు. కోదాడ బస్టాండులో, సాయంత్రం ఎండలో, చేతులారా నేనే పాడుచేసుకున్నాను. అది ఎట్లా పాడైందో, దాని వెనక ఎవరున్నారో ఈసారి వివరంగానే రాస్తాను. మీకు పనికొచ్చే నీతి అందులో ఏదైనా కనబడితే ఏరుకోండి, నాకైతే ఇంతవరకూ దొరకలేదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఏడాదే నాకు బస్సు కండక్టర్ కొలువు దొరికింది. మా బస్సు సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయేది. మిర్యాలగూడలో పావుగంట ఆగి మళ్లీ అదే దారిన వెనక్కి. బస్సు నిండా వడ్ల బేరాలకు పోయే సేట్లు, తండాల నుంచి నాట్లకు పోయే ఆడవాళ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. నా గొంతు పెద్దది. "నేరేడుచర్ల దిగేటోళ్లు దిగాలె!" అని నేను కేకేస్తే మిల్లుల్లో హమాలీలు కూడా బస్తాలు దించేస్తారని మా డ్రైవర్ ఎగతాళి చేసేవాడు.

ఆ గొంతే నన్ను నాటకాల్లో పడేసింది. సూర్యాపేటలో మాకో నాటక సమాజం ఉండేది. సమాజం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు తెరలు, ఒక కిరీటాల పెట్టె, కోదాడ నుంచి వచ్చే ఒక హార్మోనియం మాస్టారు, పదిమంది మనుషులం. మా బడిపంతులు ఒకాయన రాసిన పౌరాణికమే మా ఆస్తి. అందులో నేను రాజును. చివర్లో బాణం తగిలి, రాణి ఒడిలో తల పెట్టుకుని, ఒక పద్యం పాడి చచ్చిపోతాను. జనం దూరదూరం నుంచి వచ్చేది ఆ పద్యం కోసమే.

రాణి వేషం కట్టేది మగవాడే. అప్పట్లో మా వైపు ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టేవారు. అతను మిర్యాలగూడ బస్టాండు పక్కన దర్జీ, నాకన్నా రెండేళ్లు చిన్న. వేషం కోసం మీసం పెంచకుండా ఉండిపోయాడు. పెళ్లిచూపులకు కూడా నున్నటి మూతితోనే పోయి, పిల్ల తరఫువాళ్ల చేత నవ్వులపాలయ్యాడట. తన రవికలు తనే కుట్టుకునేవాడు. చీర కట్టి వచ్చి నిలబడ్డాడంటే నాకే ఒక్కోసారి మాట తడబడేది.

ఈ కాలం పిల్లలకు వన్స్ మోర్ అంటే తెలియకపోవచ్చు. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. అరిస్తే పాడి తీరాలి. పాడినవాడు అప్పటికే చచ్చిపోయి ఉన్నా సరే, లేచి మళ్లీ పాడి మళ్లీ చావాలి. దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. చచ్చిపోయిన నాకు ఒక్కోసారి జనం గోలలో ఏం వినబడేది కాదు. అప్పుడు నా మీద పడి ఏడుస్తున్న రాణి, ఏడుపు ఆపకుండానే, గాజుల చేత్తో నా భుజం మీద రెండుసార్లు తట్టి, "లే రాజా, మళ్ల అడుగుతున్నరు" అని చెవిలో చెప్పేవాడు. లేచేవాణ్ణి. ఒక్క ఆటలో నాలుగుసార్లు చచ్చిన రోజు కూడా ఉంది.

నాటకం ఉన్న రోజు అతను తన ట్రంకుపెట్టెతో మిర్యాలగూడలో నా బస్సెక్కేవాడు. కూర్చునేవాడు కాదు, నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. నేను టికెట్లు కొట్టుకుంటూ పద్యం అందుకుంటే తను ఏడుపు అందుకునేవాడు. నేరేడుచర్ల దగ్గరి తండాలో ఎక్కే ఒక ముసలమ్మకు మా కథంతా వచ్చు. ఎక్కగానే, "ఏం బిడ్డా, రాజు సచ్చిండా, ఇంకా ఉన్నడా?" అని అడిగేది. ఇంకా ఉన్నాడంటే కుదురుగా కూర్చుని, కొంగు సిద్ధం చేసుకునేది. నా ఉద్యోగ జీవితమంతటిలో అంత మంచి ప్రేక్షకురాలు నాకు మళ్లీ దొరకలేదు.

ఇట్లా ఏడెనిమిదేళ్లు గడిచాయి. తర్వాత గాలి మారింది. కోదాడ జనానికి బెజవాడ దగ్గర. అక్కడ నాటకాల్లో నిజంగా ఆడవాళ్లే ఆడవేషాలు వేస్తున్నారని, అందరూ అదే చూస్తున్నారని హార్మోనియం మాస్టారు కబురు తెచ్చాడు. "మగాడి ఏడుపు ఇక ఎవరు చూత్తారయ్యా, రోజులు మారిపోయినయ్యి" అన్నాడు. కోదాడలో వేయబోయే ఆటకు ఒక నటిని పిలుద్దామని సమాజం తీర్మానించింది. నేనూ తలూపాను. దర్జీకి ఎవరు చెప్పాలన్న మాట వచ్చింది. "రోజూ పోయేటోణ్ణి, నేనే చెప్త" అన్నాను.

నాలుగు రోజులు వరసగా అతని దుకాణం ముందు బస్సు ఆగింది. నాలుగు రోజులూ దిగి, అతను తెప్పించిన టీ తాగి వచ్చాను. చెప్పలేకపోయాను. ఐదోరోజు ఆట. అతను ఎప్పటిలాగే పెట్టె పట్టుకుని బస్సెక్కాడు. ఈ ఆటకని కొత్త రవిక కుట్టానని చూపించాడు. మెడ చుట్టూ సన్నటి జరీ పట్టీ వేశాడు. నేరేడుచర్ల దాటగానే, "పద్యం అందుకో" అన్నాడు. అందుకున్నాను. కోదాడ దాకా ఏడుస్తూనే వచ్చాడు. ముసలమ్మ కూడా ఏడ్చింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పడానికి నాకు ముప్పై మైళ్ల దారి దొరికింది. ఆ దారి పొడుగునా పద్యం పాడాను గాని ఆ మాట మాత్రం చెప్పలేదు.

కోదాడలో మేకప్ గదిలోకి అతను నాకన్నా ముందే పోయాడు. నేను పోయేసరికి ఆ అమ్మాయి రాణి వేషంలో అద్దం ముందు కూర్చుని ఉంది. ఇతను పెట్టె కింద పెట్టి ఆమెనే చూస్తున్నాడు. ఆమె వేసుకున్న రవిక భుజాల దగ్గర జారిపోతోంది. కాసేపు చూసి, పెట్టెలోంచి సూదీ దారం తీసి, "జర ఇటు తిరుగమ్మా" అని రెండు వైపులా నాలుగు కుట్లు వేశాడు. దారం పంటితో కొరికి, నా వైపు తిరిగాడు.

"ఇగ నేను పోతన్న అన్నా" అన్నాడు. పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు.

ఆ రాత్రి మా బస్సు కోదాడలోనే నిలిచింది. తెల్లవారి మిర్యాలగూడ ట్రిప్పుకు అతనూ ఎక్కాడు. నా పక్కన నిలబడలేదు. వెనక సీటులో, కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి పోతే, "మిర్యాలగూడ, ఒకటి" అన్నాడు, ఎవరో కొత్త కండక్టరుతో అన్నట్టు. చింపి ఇచ్చాను. తండా ముసలమ్మ ఎక్కి, ఎప్పటిలాగే రాజు సంగతి అడిగింది. నేను ముందుకు పోయి మిగతా టికెట్లు కొట్టుకున్నాను.

ఆ తర్వాత ఏడేళ్లు మాకు మాటల్లేవు. రోజూ పావుగంట అతని దుకాణం ముందే బస్సు ఆగేది. అతను ముఖం కనబడకుండా మిషన్ మీదికి వంగిపోయి ఉండేవాడు. నేను బస్సు దిగేవాణ్ణి కాదు. నటి గురించి చెడ్డగా చెప్పకూడదు, ఆమె బాగానే చేసింది. కాని వన్స్ మోర్ వచ్చినప్పుడు భుజం తట్టే అలవాటు ఆమెకు లేదు. ఏడుస్తూ అట్లాగే ఉండిపోయేది. ఎప్పుడు లేవాలో తెలియక నేను ఒక కన్ను తెరిచి చూసుకోవాల్సి వచ్చేది. మూడు నాలుగు ఆటల తర్వాత సమాజమే చల్లబడింది. ఊళ్లో కొత్త సినిమా హాళ్లు లేచాయి. నాకు కూడా సినిమా పిచ్చి అప్పుడే పట్టుకుంది.

అట్లాంటి రోజుల్లో మద్రాసు నుంచి ఒక సినిమావాళ్లు దిగారు. మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున రెండు రోజులు తీసి, మూడోరోజు కోదాడ బస్టాండుకు వస్తారని తెలిసింది. ఎవరైనా పాత నాటకాలాయన కావాలని వెతుకుతుంటే హార్మోనియం మాస్టారు నన్ను తీసుకుపోయాడు. డైరెక్టర్ నన్ను ఒక పద్యం పాడమని, కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత సీన్ చెప్పాడు. ఒకప్పుడు బాగా బతికిన ముసలి నటుడు బస్టాండులో నిలబడి పద్యం పాడుతుంటాడు. ఎవరూ పట్టించుకోరు. పాడి పాడి అక్కడే కూలిపోతాడు. అప్పుడు కూడా ఎవరూ చూడరు. కెమెరా అతని ముఖం నుంచి మెల్లగా వెనక్కి జరుగుతూ, ఎవరి దారిన వాళ్లు పోతున్న బస్టాండు అంతటినీ చూపిస్తుంది.

"గొంతు తర్వాత మద్రాసులో కలుపుతాంలెండి. నాకు ఆ పడిపోవడం కావాలి, పడ్డాక ఆ నిశ్శబ్దం కావాలి" అన్నాడు డైరెక్టర్. "ఇది కుదిరితే తర్వాతి పిక్చర్లో హీరోయిన్ తండ్రి వేషం మీకే. మద్రాసు వచ్చెయ్యండి."

ఆ మాటతో నాకు మూడు రోజులు అన్నం రుచి తెలియలేదు. నలభై దగ్గర పడ్డాను. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదని లోపల ఒకటే కొట్టుకునేది. జబ్బు చేసిందని చెప్పి సెలవు పెట్టాను. ఏ పద్యం పాడాలని ఆలోచించనే లేదు. నాకు ప్రాణం పోసి చావడం వచ్చిన పద్యం ఒకటే ఉంది.

షూటింగ్ నాడు మూడు ఊళ్ల జనం కోదాడలోనే ఉన్నారు. నా బస్సే వాళ్లను మోసుకొచ్చింది, మా డ్రైవర్ దారిలో ఆగిన ప్రతిచోటా చెప్పుకుంటూ వచ్చాడట. బస్టాండు చుట్టూ తాళ్లు కట్టి, నోరెత్తితే ఊరుకోమని పదిసార్లు హెచ్చరించారు. హీరో పని అయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. నా మొదటి టేకులో ఒక మేక నా మీదుగా నడిచిపోయింది. రెండోదాంట్లో తప్పు నాదే. పాడుతూ పాడుతూ, స్టేజి అలవాటు కొద్దీ, కెమెరాను వదిలేసి జనం వైపు తిరిగాను.

డైరెక్టర్ నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "చూడండి, డబ్బాలో ఇంకొక్క టేకుకే ఫిలిం ఉంది. ఎండ కూడా దిగిపోతోంది. రేపు హీరోగారు ఉండరు. జనం లేరనుకోండి. పడ్డాక నేను చెప్పేదాకా కదలొద్దు."

"కదలను సార్" అన్నాను.

ఆ మూడో టేకులో నేను పాడినట్టు అంతకుముందు ఎప్పుడూ పాడలేదు. చుట్టూ తిరిగే మనుషులు నన్ను చూడకుండా పోతున్నారు. చూడొద్దని వాళ్లకు చెప్పారని నాకు తెలుసు. తెలిసినా ఇంకొంచెం గొంతు పెంచాను. చివరి పాదం మీద రాగం లాగి, మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగిపోయాను. చెంప కింద వేడి మట్టి. బస్టాండంతా నిశ్శబ్దం. కెమెరా బండి పట్టాల మీద వెనక్కి జరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

అప్పుడు తాళ్ల అవతల నుంచి ఒక గొంతు లేచింది. "వన్స్ మోర్!"

నేను లేచాను. ఆలోచించి లేవలేదు, భయపడి లేవలేదు. ఆ గొంతు నాకు తెలుసు. ఏడేళ్లుగా వినని గొంతు. ఆ గొంతు లేవమంటే లేవడం నా ఒంటికి అలవాటు. నేను లేచి కూర్చోవడం చూసి మూడు ఊళ్ల జనం ఒక్కసారే అందుకున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఈలలు, చప్పట్లు. ఆ హోరులో నేను పద్యం మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను, ఈసారి పూర్తిగా జనం వైపే తిరిగి. కెమెరా ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. మళ్లీ పడిపోయి కళ్లు తెరిచేసరికి డైరెక్టర్ ఒక పెట్టె మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఉన్న అసిస్టెంటు కుర్రవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. హార్మోనియం మాస్టారు తుండుగుడ్డతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

జనంలో వెతికాను. గుబురు మీసాలాయన ఒకడు వెనక్కి తిరిగి పోతున్నాడు. మీసం వల్ల మొదట పోల్చుకోలేదు, నడకను బట్టి పోల్చుకున్నాను.

సినిమావాళ్లు మర్నాడే వెళ్లిపోయారు. ఆ సీన్ తర్వాత మద్రాసులో వేరే ఆయనతో తీసుకున్నారు. సూర్యాపేటలో సినిమా ఆడినప్పుడు నేను పోయి చూశాను. ఆయన బుద్ధిగా, కదలకుండా పడున్నాడు.

కోదాడలో అందరిదీ ఒకటే మాట. "ఏడేండ్ల పగ తీర్చుకుండు దర్జీ." నేనూ అదే నమ్మాను. డ్యూటీలో చేరిన రోజే, మిర్యాలగూడలో బస్సు ఆగగానే దిగి దుకాణంలోకి పోయాను. అతను మిషన్ ఆపి తలెత్తాడు.

"నా నోటికాడి కూడు తీసినవ్" అన్నాను. "కడుపు సల్లబడ్డదా?"

అతను నన్ను వింతగా చూశాడు. "నేనేం చేసిన?"

"ఎందుకు అరిసినవ్ మరి? మాట్లాడొద్దని అంతగనం చెప్పిరి గద!"

"షూటింగంటే ఏందో నాకేం తెల్సు అన్నా. ఏడేండ్లాయె నీ పద్యం ఇనక. మంచిగ పాడినవ్. నువ్వు కింద పడ్డవ్, ఒక్కడన్న సప్పట్లు కొట్టలే. నాకు పాణం ఆగలే. అరిసిన." చేతిలో గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. "నువ్వు సచ్చినప్పుడల్ల లేపింది నేనే గద. గట్లనే లేపిన."

ఇంటి నుంచి తెచ్చుకున్న కోపమంతా ఎటుపోయిందో. అతనే మళ్లీ అన్నాడు. "ఆమెను పిలుస్తున్నమని ఒక్క మాట చెప్పొచ్చు గద. నేనేమన్న కాదంటుంటినా? ఆమె రవికలు గూడ నేనే కుట్టి ఇస్తుంటి."

తప్పయిందని అనాలి. గొంతు దాకా వచ్చింది. బస్సులో అంత కేకలేసే గొంతుకు ఆ చిన్నమాట బయటికి తేవడం చేతకాలేదు. అతనికి అర్థమైందనుకుంటాను. మిషన్ ముందున్న బల్ల చూపించాడు. "సరే, కూసో. పద్యం అందుకో. సక్కగ ఇంట ఈసారి."

కూర్చుని పాడాను. ఖాకీ బట్టల్లో, భుజాన టికెట్ల సంచితో, కొలతలకు వచ్చిన ఇద్దరు ముగ్గురు గుమ్మంలో నిలబడి చూస్తుండగా. అతను కళ్లు మూసుకున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లోపల తన ఏడుపు తను ఏడుస్తున్నాడు. పద్యం అయిపోయింది. కళ్లు తెరిచి, మీసాల కింద నవ్వి, మెల్లగా అన్నాడు.

"వన్స్ మోర్."

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. పావుగంట దాటి పది నిమిషాలు. లోపలి ప్రయాణికులు కూడా కేకలేస్తున్నారు.

"రేపటి ట్రిప్పుకు పాడుత" అని పరుగెత్తాను.

ఆ రేపు రాలేదు. జబ్బు సెలవు పెట్టి సినిమాలో ఆడానని పైవాళ్లకు తెలిసి, ఆ సాయంత్రమే నా చేతికి కాగితం వచ్చింది. నన్ను వేరే దారికి మార్చారు. మిర్యాలగూడ నా రూటులో లేకుండా పోయింది. సెలవు నాడు పోవచ్చు కదా అని మీరడుగుతారు. పోవచ్చు. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. అప్పుడే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆనాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన అసిస్టెంటు ఇప్పుడు డైరెక్టరయ్యాడు. చచ్చి లేచిన కండక్టరు గారు వెంటనే రావాలని రాశాడు. ఏ తప్పు వల్ల సినిమా పోయిందో ఆ తప్పే మళ్లీ సినిమాకు పిలిచింది. హడావుడిగా కొలువు వదిలేసి రైలెక్కాను.

ఏడాది తర్వాత ఊరికి వచ్చినప్పుడు మొదటి పని మిర్యాలగూడ పోవడమే పెట్టుకున్నాను. దుకాణం తెరిచే ఉంది. మిషన్ ముందు అతని భార్య కూర్చుని కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. పచ్చకామెర్లు వచ్చి పోయాడని, నాలుగు నెలలైందని చెప్పింది. బల్ల మీద కూర్చుండిపోయాను. గోడ మీది ఫోటో వైపు చూశాను. అందులో అతనికి మీసం లేదు.

"పాత ఫోటోనా?" అన్నాను.

"కాదన్నా, మొన్నటిదే" అంది ఆమె. "నువ్వొచ్చి పాడి పోయినవ్ సూడు, ఆ మరునాడే మీసం గీసేసిండు. ఎందుకయ్యా అంటే, ఇయ్యాల వస్తనన్నడు, ఆటకు పిలుస్తడేమో అన్నడు. ఇగ మళ్ల పెంచనే లేదు."

లేవకూడని చోట లేచి పాడాను. పాడాల్సిన చోట బస్సుకు ఆలస్యమైందని లేచి వచ్చేశాను. ఈ రెండూ ఒకే మనిషి వన్స్ మోర్ అన్నప్పుడు చేసిన పనులే. ఆమె ముందు ఆ పద్యం పాడాలని నోరు తెరిచాను గాని మొదటి పాదమే గుర్తు రాలేదు.

ఆ నెలలోనే మద్రాసులో నాకు మొదటి చావు సీను. లైట్ల కింద కూలిపోయాను. "కట్, ఓకే" అన్నారు. అందరూ టీకి పోయారు. నేను లేవలేదు. లైట్లు తీసేవాడు వచ్చి, "సార్, అయిపోయింది, లేవండి" అంటే గాని కదల్లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చచ్చినా అంతే. కట్ చెప్పాక కాసేపు అట్లాగే పడుకునేవాణ్ణి. పెద్దాయన పాత్రలోంచి బయటికి రాలేకపోతున్నాడని కుర్రవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నేనెప్పుడూ కాదనలేదు. కళ్లు మూసుకుని, గాజుల చప్పుడు కోసం, భుజం మీద రెండుసార్లు తట్టే చెయ్యి కోసం చూస్తూ పడుకునేవాణ్ణి.